పర్యావరణం పట్టించుకునే యువతకు బ్రాండ్ దగ్గరవ్వాలంటే: చేనేత దుస్తుల వ్యాపారానికి సమగ్ర మార్గదర్శి

"లోగోలో ఆకు బొమ్మ పెట్టాం, గోధుమరంగు కాగితం సంచీ ఇస్తున్నాం, రీల్స్ చేస్తున్నాం. అయినా కాలేజీ పిల్లలు చూసి వెళ్లిపోతున్నారు. ఏం చేయాలి?" చిన్న బ్రాండ్లు నడిపేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. చాలా సందర్భాల్లో లోపం ఒకటే: పని వరస తిరగబడింది. ముందు మాట, తర్వాత సరుకు, ఎవరైనా నిలదీస్తే అప్పుడు రుజువుల వెతుకులాట. వరస ఇలా ఉండాలి: సరుకు, రుజువు, మాట, ఆ తర్వాతే ప్రచారం.

2019లో నల్లమల యురేనియం తవ్వకాలను, 2025లో కంచ గచ్చిబౌలి చెట్ల నరికివేతను ప్రశ్నించిన తరం ఇది. కోర్టు ఉత్తర్వులే చదివి ఒకరికొకరు పంపుకున్నవాళ్లకు ట్యాగు మీద "ఎకో-ఫ్రెండ్లీ" అన్న ఒక్క ముక్క సరిపోదు.

ఈ మార్గదర్శి మొత్తానికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం: దుకాణంలోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మే ఒక నూలు చేనేత కుర్తా. తినుబండారాలు, సబ్బులు, బొమ్మలు అమ్మేవాళ్లకూ వరస ఇదే. సరుకు పేర్లు మార్చుకుంటే చాలు.

## 1. ఎవరితో మాట్లాడుతున్నారో తేల్చుకోండి

"యువత" అంటే ఒకే గుంపు కాదు. కనీసం మూడు రకాలుగా విడదీసి చూడండి.

- హాస్టల్లో ఉండే విద్యార్థి: ఆసక్తి ఎక్కువ, చేతిలో డబ్బు తక్కువ. మన్నిక, మరమ్మతు, చిన్న ధర వస్తువులు కావాలి.
- కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు: ధర కొంత భరిస్తారు. ఆఫీసుకు వేసుకెళ్లొచ్చా, ఇస్త్రీ కావాలా, రంగు దిగుతుందా అని అడుగుతారు.
- చిన్నపిల్లల తల్లిదండ్రులు: ఒంటికి తగిలే రంగుల గురించే వీళ్ల మొదటి ప్రశ్న.

మీ దగ్గర కొన్నవాళ్లలో పదిమందికి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: "కొనేముందు ఏ అనుమానం వచ్చింది?", "కొన్నాక ఏది నచ్చలేదు?" జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. తర్వాత మీరు రాసే ప్రతి వాక్యమూ ఆ అనుమానాల్లో ఒకదానికి జవాబు కావాలి.

## 2. ఒక్క వస్తువును పూర్తిగా విప్పి చూడండి

షాపులోని సరుకంతా ఒకేసారి పరిశీలించాలనుకుంటే పని మధ్యలో ఆగిపోతుంది. ఎక్కువగా అమ్ముడయ్యే ఒక్క కుర్తా తీసుకోండి. దాన్ని బల్ల మీద పరిచి ప్రతి భాగాన్నీ రాయండి: నూలు, రంగు, నేత, కుట్టుదారం, గుండీలు, కాలర్‌ గట్టిగా నిలవడానికి లోపల పెట్టే బక్రం, లేబుల్, ట్యాగు, ట్యాగు కట్టిన తాడు, కవరు, పెట్టె, టేపు. ఒక్కో దానికీ మూడు గడులు: ఏ పదార్థం, ఎక్కడి నుంచి, చేతిలో ఏ కాగితం ఉంది.

ఇక్కడే చాలా "100 శాతం సహజం" మాటలు కూలిపోతాయి. గుడ్డ నూలుదే అయినా కుట్టుదారం సాధారణంగా పాలిస్టర్. బక్రానికి అంటించే జిగురు పూత కూడా ప్లాస్టిక్కే కావచ్చు. నడుము పట్టీలో ఎలాస్టిక్ ఉంటే అదీ అంతే. ఇవి ఉండటం నేరం కాదు. ఉన్నాయని తెలియకుండా "పూర్తిగా సహజం" అని అచ్చువేయడమే తప్పు.

రంగుల దగ్గర మరింత జాగ్రత్త కావాలి.

- "అజో-ఫ్రీ" అంటే సహజ రంగు కాదు. అమైన్లనే హానికర రసాయనాలను విడుదల చేసే కొన్ని అజో రంగులు అందులో లేవని మాత్రమే అర్థం. అది రసాయన రంగే అయ్యుండొచ్చు.
- నీలిమందు: ఆకు నుంచి తీసినదీ ఫ్యాక్టరీలో తయారైనదీ రసాయనికంగా ఒకే పదార్థం. అద్దిన గుడ్డను కంటితో చూసి తేడా చెప్పలేం. "సహజ నీలి" అని రాయాలంటే రంగు కొన్న బిల్లు, అద్దకందారు రాసిచ్చిన వివరం రెండూ ఉండాలి.
- పటిక, కరక్కాయ, ఇనుము: రంగు పట్టడానికి ఏది వాడారో కూడా రాసుకోండి. తెలిసిన కొనుగోలుదారు తప్పకుండా అడుగుతారు.
- కలంకారీ: ఆ నమూనాను స్క్రీన్ మీద అచ్చు వేసిన గుడ్డ కూడా బజారులో అదే పేరుతో దొరుకుతుంది. చేత్తో గీసిందా, చెక్క అచ్చుతో అద్దిందా, స్క్రీన్ ప్రింటా అన్నది విడిగా రాయండి.

చేనేత అన్న మాటకూ రుజువు కావాలి. నేసేటప్పుడు గుడ్డ బిగువుగా ఉండేందుకు రెండంచులకూ సూదులు గుచ్చుతారు. ఆ చిన్న చిన్న కంతులు అంచుల్లో కనిపిస్తాయి. కొనేవాళ్లకు చూపించడానికి ఇది మంచి గుర్తు. కానీ దీన్ని ఒక్కదాన్నే రుజువుగా నమ్ముకోకండి. సహకార సంఘం బిల్లు గానీ నేతన్నకు చెల్లించిన రసీదు గానీ, వీలైతే హ్యాండ్లూమ్ మార్క్ (చేనేత అని తెలిపే ప్రభుత్వ గుర్తు) లేబుల్ గానీ ఉండాలి.

ఈ దశ ముగిసిందనడానికి గుర్తులు

- ప్రతి భాగానికీ పదార్థం పేరు రాశారు
- తెలియని చోట ఖాళీగా వదిలి, ఎవరిని అడగాలో పక్కన రాశారు
- బిల్లుల ఫొటోలు ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి

సరఫరాదారులు జవాబివ్వడానికి సమయం పడుతుంది. రెండు మూడు వారాలు కేటాయించుకోండి. ఎన్నిసార్లు అడిగినా జవాబు రాని భాగం గురించి ప్రచారంలో ఒక్క మాట కూడా వాడకండి.

## 3. ముందుగా ఒక్క లోపం సరిదిద్దండి

పరిశీలనలో పది లోపాలు బయటపడతాయి. పదింటినీ ముట్టుకుంటే దేనికీ ఫలితం చూపించలేరు. మీ చేతిలో ఉన్నదీ, కొలవగలిగేదీ, కొనేవాళ్ల కంటికి కనిపించేదీ ఒకటి ఎంచుకోండి. చిన్న దుస్తుల బ్రాండ్లకు సాధారణంగా రెండు దారులు ఉంటాయి.

కత్తిరింపు ముక్కలు. రెండు వారాలపాటు కుట్టుకు ఇచ్చిన గుడ్డను తూకం వేయండి, తయారై వచ్చిన బట్టలనూ తూకం వేయండి. ఉదాహరణకు 20 కిలోల గుడ్డ ఇస్తే 17 కిలోల బట్టలు వచ్చాయనుకుందాం. 3 కిలోలు, అంటే 15 శాతం ముక్కలైపోయింది. కుర్తా పక్కన ఖాళీగా మిగిలే చోట జేబులు, సంచీలు, జుట్టు రబ్బర్లు సర్దేలా కటింగ్ మాస్టర్‌తో కూర్చుని అమరిక మార్పించండి. తర్వాతి రెండు వారాలు మళ్లీ తూకం వేయండి. తగ్గింది ఎంతో, మీరు బయట చెప్పుకోదగ్గ మొదటి మాట అదే.

ప్యాకింగ్. ఒక ఆర్డర్‌కు వెళ్లే ప్యాకింగ్ మొత్తాన్నీ వంటింటి త్రాసు మీద పెట్టండి, ప్లాస్టిక్ ఎన్ని గ్రాములో విడిగా రాయండి. ఆ ప్లాస్టిక్‌ను ఎలా తగ్గించాలన్న దగ్గర ఎక్కువమంది నాలుగు పొరపాట్లు చేస్తారు.

- నాన్-వోవెన్ సంచీ గుడ్డలా కనిపిస్తుంది, నిజానికి అది పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. దాన్ని "బట్ట సంచీ" అని ఇవ్వడం అబద్ధం. పైగా 60 జీఎస్ఎం (చదరపు మీటరుకు 60 గ్రాములు) కన్నా పలచనివి నిషిద్ధం. మామూలు ప్లాస్టిక్ చేతిసంచీలకు 2022 డిసెంబర్ 31 నుంచి కనీస మందం 120 మైక్రాన్లు.
- "కంపోస్టబుల్" (ఎరువుగా మారే) కవరు ఇంటి బాల్కనీ కుండీలో కరగకపోవచ్చు. ఇలాంటి ప్లాస్టిక్‌కు వర్తించే ఐఎస్ఓ 17088 ప్రమాణం పారిశ్రామిక కంపోస్టింగ్ వేడిని, సుమారు 58 డిగ్రీలను లెక్కలో పెట్టుకున్నది. అలాంటి కవరు కొంటే తయారీదారు దగ్గర కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం అడగండి. "మట్టిలో కలిసిపోతుంది" అని మాత్రం రాయకండి.
- విత్తనాల కాగితం ట్యాగు అందంగా ఉంటుంది, కానీ నాటేవాళ్లు తక్కువ. ఆ ఖర్చుతో అదనపు గుండీ, దారం పెట్టి పంపడం మేలు.
- కాగితం కవరుకు ప్లాస్టిక్ టేపు చుట్టేస్తే కాగితం కూడా రీసైక్లింగ్‌కు పనికిరాకుండా పోవచ్చు. తడిపి అంటించే కాగితం టేపు వాడండి.

వానాకాలంలో కాగితం తడిసి బట్ట పాడైతే, దాన్ని తిరిగి పంపడానికయ్యే రవాణా వల్లే నష్టం ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు లోపల ఒక పాలిథీన్ కవరు పెట్టక తప్పదనుకుంటే పెట్టండి. ఎందుకు పెట్టారో, దాన్ని పొడి చెత్తలో వేయమనీ ఒక చీటీ మీద రాయండి. దాచకుండా చెబితే అర్థం చేసుకుంటారు.

మీ సంస్థ సూక్ష్మ, చిన్న సంస్థల వర్గం దాటి పెరిగితే, ప్లాస్టిక్ ప్యాకింగ్‌కు ఈపీఆర్ (వాడి పారేసిన ప్లాస్టిక్‌కు దాన్ని బజారులోకి తెచ్చినవాళ్లే బాధ్యత వహించడం) నమోదు బాధ్యత మీద పడుతుంది. ఆడిటర్‌తో ముందే మాట్లాడుకోండి.

## 4. రుజువుల ఫైలు తయారుచేయండి

ప్రచారంలో వాడబోయే ఒక్కో మాటకు ఒక్కో పేజీ. అందులో అయిదు విషయాలు ఉండాలి: ఆ వాక్యం యథాతథంగా, అది వస్తువులో ఏ భాగానికి వర్తిస్తుంది, రుజువు ఏమిటి, ఏ తేదీది, మళ్లీ ఎప్పుడు సరిచూడాలి.

సేంద్రియ పత్తి విషయంలో ఒక చిక్కు తరచూ వస్తుంది. మిల్లు వాళ్లు గాట్స్ (సేంద్రియ వస్త్రాలకు అంతర్జాతీయ ప్రమాణం) స్కోప్ సర్టిఫికెట్ పంపుతారు. దాన్ని చూసి "మా బట్టలు గాట్స్ ధ్రువీకృతం" అని రాసేస్తారు. స్కోప్ సర్టిఫికెట్ ఆ మిల్లుకు అర్హత ఉందని మాత్రమే చెబుతుంది. మీరు కొన్న లాటు అదేనని చెప్పేది ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్. అదొచ్చినా గాట్స్ గుర్తును మీ ట్యాగు మీద వేయాలంటే అద్దకం, కుట్టు చేసేవాళ్లతో సహా గొలుసు అంతా ధ్రువీకరణలో ఉండాలి. గాట్స్‌లో "ఆర్గానిక్" శ్రేణికి కనీసం 95 శాతం, "మేడ్ విత్ ఆర్గానిక్" శ్రేణికి కనీసం 70 శాతం సేంద్రియ నార ఉండాలన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇది మర్యాద కోసమే కాదు, చట్టం కోసం కూడా. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబర్‌లో గ్రీన్‌వాషింగ్ (పర్యావరణానికి మేలని ఆధారం లేకుండా చెప్పుకోవడం) మీద మార్గదర్శకాలు జారీ చేసింది. ఎకో-ఫ్రెండ్లీ, గ్రీన్, సస్టెయినబుల్ లాంటి మాటలు వాడితే తగిన వివరణ, ఆధారం ఉండాలి. ఆ వివరాలు క్యూఆర్ కోడ్ గానీ లింకు గానీ ద్వారా కొనేవాళ్లకు అందాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా విధించవచ్చు. ప్రచారం చేసిపెట్టిన ఇన్‌ఫ్లుయెన్సర్ మీద కూడా ఆ జరిమానా పడొచ్చు.

## 5. మాట రాయండి: చిన్నగా, కచ్చితంగా

విశేషణం తీసేసి ఆ చోట పదార్థం పేరో, ఊరి పేరో, అంకెనో పెట్టడం ఇక్కడ ప్రధాన సూత్రం.

రాయకూడనిది: "ప్రకృతికి ప్రేమతో, పూర్తి ఎకో-ఫ్రెండ్లీ కుర్తా."

రాయదగ్గది: "గుడ్డ మంగళగిరి చేనేత నూలు. రంగు సహజ నీలిమందు. గుండీలు కొబ్బరి చిప్పవి. కుట్టుదారం పాలిస్టర్, నూలు దారంతో ప్రయత్నిస్తున్నాం, చంక దగ్గర కుట్టు నిలవడం లేదు."

ఆ చివరి వాక్యం తీసేయాలని చాలామందికి అనిపిస్తుంది. తీయకండి. లోపం మీరే చెప్పారు కాబట్టి పై మూడు వాక్యాలకూ బలం వస్తుంది. కాకపోతే "ప్రయత్నిస్తున్నాం" అని రాస్తే నిజంగా ప్రయత్నం జరుగుతూ ఉండాలి. భవిష్యత్తు గురించిన మాటకు స్పష్టమైన ప్రణాళిక ఉండాలని పైన చెప్పిన గ్రీన్‌వాషింగ్ మార్గదర్శకాలే అంటున్నాయి.

రాసేటప్పుడు సరిచూసుకోండి:

- మాట దేనికి వర్తిస్తుందో ఉందా? "రీసైకిల్ చేసినది" అంటే కుర్తానా, పెట్టెనా?
- "తక్కువ ప్లాస్టిక్" అంటే దేనికన్నా తక్కువ? "ఆర్డర్‌కు 38 గ్రాములుండేది, ఇప్పుడు 6 గ్రాములు" అన్నట్టు మీ తూకం అంకెలే రాయండి.
- చట్టం ఎలాగూ నిషేధించినదాన్ని వాడకపోవడాన్ని మీ గొప్పగా చెప్పుకుంటున్నారా? అలాగైతే కొట్టేయండి.
- పొలం, అడవి, నది బొమ్మలకు మీ సరుకుతో సంబంధం ఉందా?
- "కార్బన్ న్యూట్రల్" అన్న మాట ఉందా? వేరేచోట తగ్గిన కాలుష్యం లెక్కను కార్బన్ క్రెడిట్లుగా కొని ఆ మాట వేసుకోవడం చిన్న బ్రాండ్‌కు అనవసరపు తలనొప్పి. తీసేయండి.

వాడకం సూచనలు కూడా నమ్మకం పెంచే మాటలే, కానీ చాలా బ్రాండ్లు వీటిని పట్టించుకోవు. సహజ రంగు బట్ట ఎలా ప్రవర్తిస్తుందో ముందే చెప్పండి: నీలి మొదట్లో కాస్త చేతికి అంటుతుంది, పసుపుతో అద్దిన రంగు ఎండకు వెలుస్తుంది, ఇనుము-బెల్లం ఊరబెట్టి తీసిన నలుపు మీద నిమ్మరసమో చింతపండు పులుసో పడితే ఆ చోట తేలిపోతుంది. నీడన ఆరేయమనండి, మొదటి ఉతుకులు విడిగా చేయమనండి. ఇవి చెప్పకపోతే "రంగు దిగింది, మోసం" అన్న రివ్యూ వస్తుంది.

## 6. ధర సంగతి

ధర ఎక్కువని యువత అనడంలో తప్పు లేదు. అందుకే ధర ఎలా ఏర్పడిందో చూపించండి: నూలు, రంగు, నేత కూలి, కుట్టు, ప్యాకింగ్, అద్దె-జీతాలు, జీఎస్టీ, మీ లాభం. నేత కూలి అంకె నేతన్న చేతికి నిజంగా అందేదే అయ్యుండాలి, దాన్ని బయటపెట్టడానికి ఆయన ఒప్పుకోవాలి.

విద్యార్థుల కోసం నాణ్యత తగ్గించి చవక కుర్తా చేయకండి. కత్తిరింపు ముక్కలతో చేసిన సంచీలు, రుమాళ్లు, చిన్న లోపం ఉన్న బట్టలు "ఇదీ లోపం" అని చూపించి తక్కువకు ఇవ్వండి. "రెండు కొంటే ఒకటి ఉచితం" బోర్డు, "అవసరమైతేనే కొనండి" పోస్టు ఒకే బ్రాండ్‌లో ఇమడవు. ఏదో ఒకటే ఉంచండి.

## 7. ఇప్పుడు ప్రచారం

రీల్ 30 నుంచి 45 సెకన్లు చాలు. మొదటి మూడు సెకన్లలో పని కనిపించాలి: నీలి తొట్టిలోంచి పచ్చగా బయటికొచ్చిన గుడ్డ గాలి తగిలి నీలంగా మారడం, అంచులో సూది కంతులు, తూకం మీద కత్తిరింపు ముక్కలు. ఒక రీల్‌లో ఒకే విషయం. మాట మీ ప్రాంతపు తెలుగులో, మామూలుగా మాట్లాడే తీరులో ఉండనివ్వండి.

నేతన్నల ఫొటో, వీడియో తీసేముందు అనుమతి అడగండి. పని ఆపి కెమెరా ముందు కూర్చున్న సమయానికి కూలి ఇవ్వండి. వాళ్ల పేదరికాన్ని అమ్మకానికి పెట్టకండి, వాళ్ల నైపుణ్యాన్ని చూపించండి.

ఇన్‌ఫ్లుయెన్సర్‌ను ఎంచుకునేటప్పుడు ఫాలోవర్ల లెక్క తర్వాత చూడండి. వాళ్ల గత ఆరు నెలల పోస్టులు ముందు చూడండి. వారానికో ఫ్యాషన్ పార్సిల్ విప్పేవాళ్లు మీకు పనికిరారు. రాతలో ఒప్పందం చేసుకోండి: డబ్బు తీసుకున్నా, వస్తువు ఉచితంగా తీసుకున్నా ప్రకటన అని స్పష్టంగా చెప్పాలి, రుజువుల ఫైలులో లేని మాట అనకూడదు, నచ్చనిది చెప్పే స్వేచ్ఛ ఉండాలి.

క్యాంపస్‌లలో అమ్మకం స్టాల్ కన్నా మరమ్మతు స్టాల్ బాగా పనిచేస్తుంది. ఎన్ఎస్ఎస్ యూనిట్‌నో పర్యావరణ క్లబ్బునో సంప్రదించి ఒక మధ్యాహ్నం కుట్టుమిషన్, గుండీలు, దారాలు, ఒక దర్జీతో వెళ్లండి. ఏ బ్రాండ్ బట్ట తెచ్చినా గుండీ కుట్టివ్వండి, చిరుగు సరిచేయండి. పిల్లలు చుట్టూ చేరి అడిగే ప్రశ్నలే మీ తర్వాతి నెల పోస్టులు.

రెండు పనులు మాత్రం వద్దు. జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినోత్సవం నాడు ఒక్కరోజు పచ్చ పోస్టు పెట్టి మిగతా ఏడాది ఊరుకోవడం ఒకటి. యువత నడిపే ఉద్యమం హ్యాష్‌ట్యాగును అమ్మకానికి వాడుకోవడం రెండోది. మద్దతు ఇవ్వాలనుంటే సరుకు ఫొటో లేకుండా ఇవ్వండి.

## 8. అమ్మాక చేయాల్సినవి

మరమ్మతు సేవను చిన్నగా మొదలుపెట్టండి: గుండీలు, కుట్టు ఊడటం, జిప్పు. ధర, పట్టే రోజులు, రవాణా ఎవరు పెట్టుకోవాలి అన్నవి ముందే రాయండి. ప్రతి లాటు నుంచి అర మీటరు గుడ్డ, కొన్ని గుండీలు దాచిపెడితే అతుకు వేసేటప్పుడు రంగు కలుస్తుంది.

పాత బట్టలు తిరిగి తీసుకుంటామని తొందరపడి ప్రకటించకండి. వచ్చినవి ఎక్కడికి వెళ్తాయో తేలకముందే మొదలుపెడితే గోదాములో మూటలు పేరుకుంటాయి, చివరికి చెత్తలోకి పోతాయి. మీ బ్రాండ్ బట్టలే, ఉతికినవే తీసుకోండి. బాగున్నవి తిరిగి అమ్మడానికి, పాడైనవి ముక్కలుగా సంచీలకు, మిగిలినవి ఎవరు తీసుకుంటారో ముందే మాట్లాడుకోండి.

## 9. ఎవరైనా నిలదీసినప్పుడు

కామెంట్ తొలగించకండి. ఒక రోజులోపు జవాబివ్వండి, తెలియకపోతే ఎప్పటికి చెబుతారో తేదీ ఇవ్వండి.

"అన్నా, సహజ రంగు అన్నారు, ఈ ఎరుపు అంత మెరుస్తోందేంటి?" అని అడిగితే: "మంచి ప్రశ్న అండీ. ఈ ఎరుపు వ్యాట్ రకం రసాయన రంగు. సహజ రంగులు నీలి, నలుపు కుర్తాలకే. పేజీలో అది విడిగా రాయలేదు, ఈ రోజే సరిచేస్తున్నాం." ఇంతే. సమర్థింపు వద్దు. సరిచేశాక అదే కామెంట్ కింద చెప్పండి, అప్పటికే కొన్నవాళ్లకు తెలియజేసి, కావాలంటే డబ్బు వాపసు ఇవ్వండి.

## 10. ఏం కొలవాలి

లైకులు పక్కన పెట్టి నెలకోసారి ఇవి రాయండి:

- రెండోసారి కొన్నవాళ్లు ఎంతమంది
- క్యూఆర్ కోడ్ తెరిచి వివరాలు చదివినవాళ్లు ఎంతమంది
- ఆర్డర్‌కు ప్లాస్టిక్ ఎన్ని గ్రాములు
- మరమ్మతుకు వచ్చినవి ఎన్ని, ఏ లోపంతో
- వాపసు వచ్చినవి ఎన్ని, ఎందుకు

వాపసుల మీద ప్రత్యేకంగా కన్నేయండి. సైజు సరిపోక వెనక్కొచ్చే ప్రతి బట్టకూ రవాణా రెట్టింపు. ఎస్, ఎం, ఎల్ అని వదిలేయకుండా ఛాతీ, భుజం, పొడవు అంగుళాల్లో ఇవ్వండి. నూలు ఉతికాక ఎంత కుదించుకుంటుందో ఒక ముక్క ఉతికి కొలిచి రాయండి.

కరెంటు, డీజిల్ లెక్క కావాలంటే మోటుగా ఇలా వేయొచ్చు: గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు, డీజిల్ లీటరుకు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఇది మీ లోపలి లెక్కకే, ట్యాగు మీదకు కాదు.

## 11. మొదటి 90 రోజులు

- 1–20: పదిమందికి ఫోన్లు, ఒక్క కుర్తా పరిశీలన, సరఫరాదారులకు ప్రశ్నలు.
- 21–50: ఒక్క లోపం ఎంపిక, ముందు తూకం, మార్పు, మళ్లీ తూకం.
- 51–60: రుజువుల ఫైలు, క్యూఆర్ పేజీ. పాత ట్యాగుల మీదున్న తప్పు మాటలకు స్టిక్కర్ వేయడం; ట్యాగులన్నీ పారేసి కొత్తవి అచ్చువేయించనక్కర్లేదు.
- 61–75: ఆ ఒక్క కుర్తా పేజీ మాత్రమే కొత్తగా రాయడం, మూడు రీల్స్, అందులో ఒకటి ఇంకా సరిచేయలేకపోయిన లోపం గురించి.
- 76–90: ఒక క్యాంపస్ మరమ్మతు స్టాల్, మొదటి నెల అంకెలు. వచ్చిన ప్రశ్నలు చూసి రెండో వస్తువు ఎంపిక, దానికి మళ్లీ 2వ దశ నుంచి.